ముక్కలుగా వచ్చిన స్టీల్ షెడ్డు: జూన్ నుంచి జనవరి దాకా నా అనుభవం

జూన్ మొదట్లో రెండు మూడు కంపెనీలకు ఫోన్ చేసి, 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉండే స్టీల్ షెడ్డుకి ధర అడిగాను. నాది చెక్క పని. కోసిన పలకలు, మెషిన్లు, ఒక ట్రాలీ అన్నీ ఒకే కప్పు కిందికి తెచ్చుకోవాలని చాలాకాలంగా ఆశ. గోడలు కట్టించుకుంటూ కూర్చునే ఓపిక లేదు. ముక్కలన్నీ ఫ్యాక్టరీలో తయారై వస్తాయి, బోల్టులు బిగించుకుంటే షెడ్డు లేస్తుంది అన్నారు. అది అబద్ధమేం కాదు. కాకపోతే బోల్టులు బిగించే రోజు రావడానికి ముందు ఎంత పని ఉందో, బిగించాక ఎంత మిగులుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇది రాస్తున్నది ఆ సంగతులు చెప్పడానికే.

కొటేషన్లు వచ్చాక మొదటి తలనొప్పి అంకెలతోనే. ఒక కంపెనీ రేకు మందం 0.50 మిల్లీమీటర్లు అని రాసింది, ఇంకొకటి 0.47 అని రాసింది. మొదటిదే మందం అనుకుంటాం కదా. అడిగితే తెలిసింది, 0.50 అన్నవాళ్లు పూత కూడా కలిపి చెప్పారు, 0.47 అన్నవాళ్లు లోపలి ఉక్కు ఒక్కటే చెప్పారు. అంటే పెద్ద అంకె ఉన్నదే పలచటి రేకు. గేజ్ లెక్కలో చెప్పేవాళ్లతో ఇంకో తిరకాసు, అక్కడ అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. పూత జింకా, జింకు అల్యూమినియం కలిసినదా అని కూడా అడగాలి. గాల్వాల్యూమ్ అనేదాంట్లో బరువు ప్రకారం 55 శాతం అల్యూమినియమే ఉంటుంది. నేను అదే తీసుకున్నాను.

రెండో సంగతి, కొటేషన్‌లో లేనివి. పునాది లేదు, ఫ్లోరు లేదు, లారీ కిరాయి లేదు, లారీలోంచి దించుకోవడం లేదు, క్రేన్ లేదు, నిలబెట్టే మనుషులు లేరు, షట్టర్లు లేవు. ఇన్సులేషన్, అంటే రేకు కింద వేడినీ చలినీ ఆపే పొర, కావాలంటే వేరే రేటు. ఇప్పుడు అన్నీ అయ్యాక లెక్క చూసుకుంటే, కంపెనీకి కట్టింది 100 అనుకుంటే పునాది, ఫ్లోరు కలిపి 45 దాకా అయ్యాయి. క్రేన్, కూలి ఇంకో 25. లారీ, దించుకోవడం, షట్టర్లు, వాన నీళ్ల గట్టర్లు, ఎర్తింగ్, అనుమతి ఫీజులు కలిపి మరో 20 పైనే. దాదాపు రెట్టింపు. కొటేషన్ చూసి మురిసిపోయి బ్యాంకులో ఉన్నదంతా అడ్వాన్సు కట్టేసేవాళ్లుంటారు. వాళ్లు ఈ పేరా ఇంకోసారి చదవాలి.

నేను ఎంచుకున్న కంపెనీ ఫోన్లో ఒక మంచి ప్రశ్న అడిగింది. "కప్పుకి ఏమైనా వేలాడదీస్తారా అండీ?" లైట్లు, ఫ్యాన్లు అన్నాను. ఇంకేమైనా అన్నారు. రంపపు పొట్టును లాగే పెద్ద గొట్టం ఒకటి పైనుంచి పోతుందని అప్పుడు గుర్తొచ్చింది. డిజైన్‌లో ఆ బరువు ముందే కలపాలట, తర్వాత తగిలిస్తే బాధ్యత వాళ్లది కాదట. స్థలం ఎక్కడుందో, చుట్టూ ఖాళీ మైదానమా, ఇళ్లా, చెట్లా అని కూడా అడిగారు. గాలి లెక్క దాన్నిబట్టే మారుతుంది. ఈ ప్రశ్నలేవీ అడగకుండా చదరపు అడుగుకి ఇంత అని రేటు చెప్పేసిన ఇంకో కంపెనీని పక్కన పెట్టాను.

జూలై చివర్లో ఆర్డర్ ఇచ్చాను. మూడో వంతు అడ్వాన్సు, మిగతాది సరుకు ఫ్యాక్టరీ దాటేలోపు. "ఆరు వారాల్లో సరుకు" అని కాగితం మీద ఉంది. ఆ ఆరు వారాలు అడ్వాన్సు కట్టిన రోజు నుంచి కాదు, డ్రాయింగుల మీద నేను సంతకం పెట్టిన రోజు నుంచి. డ్రాయింగులు రావడానికే ఆగస్టు మూడో వారం అయింది.

ఆ డ్రాయింగుల ముందు కూర్చున్న సాయంత్రాలే ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా పనికొచ్చినవి అనిపిస్తుంది. నేను అడిగింది 14 అడుగుల ఎత్తు. వాళ్ల లెక్కలో అది చూరు దగ్గర బయటి ఎత్తు. లోపల రేకు కింద పర్లిన్, అంటే రేకుని మోసే అడ్డ కడ్డీ. దాని కింద రాఫ్టర్, అంటే స్తంభాల మీద ఏటవాలుగా ఉండే పెద్ద దూలం. ఆ రాఫ్టర్ స్తంభాన్ని కలిసే చోట బాగా లావుగా ఉంటుంది. అక్కడ కింద మిగిలేది 12 అడుగులు కూడా లేదు. వెడల్పూ అంతే. 40 అడుగులు అనేది బయటి కొలత, స్తంభానికి స్తంభానికి మధ్య లోపల మిగిలేది, అందులోనూ పైభాగంలో, 36కి కాస్త అటూ ఇటూ. మా తమ్ముడు వచ్చి చూసి, "అన్నయ్యా, పలకలు ఎత్తే బండి చెయ్యి పూర్తిగా లేపితే ఇది తగులుతుంది" అన్నాడు. ఎత్తు 16 అడుగులకు మార్పించాను. ధర కొంచెం పెరిగింది, డ్రాయింగులు మళ్లీ రావడానికి ఇంకో పది రోజులు పట్టింది. సంతకం పెట్టాక అయితే మార్చడం కుదరదు, ఉక్కు కోసేస్తారు.

ఈలోగా అనుమతి కోసం ఆఫీసుకి వెళ్లడం మొదలైంది. విసుగు తప్ప విశేషం లేదు. ఇంజనీరు సంతకం ఉన్న డ్రాయింగులు, పునాది లెక్కలు, స్థలం ప్లాను. ఈ మూడూ ఒకేసారి ఇస్తే తొందరగా అవుతుంది. విడివిడిగా ఇస్తే ఫైలు ప్రతిసారీ మొదటికొస్తుంది.

పునాది సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. షెడ్డు కంపెనీ పునాది డిజైన్ ఇవ్వదు. ప్రతి స్తంభం కింద ఎంత బలం పడుతుందో ఒక పట్టిక ఇస్తుంది, అంతే. దాన్ని పట్టుకుని మన మట్టిని చూసి డిజైన్ చేసే ఇంజనీరుని మనమే వెతుక్కోవాలి. ఆయన గీసిన గుంతల సైజు చూసి నాకు గుండె ఆగినంత పనైంది. రేకుల షెడ్డుకి ఇంత కాంక్రీటు ఎందుకండీ అని అడిగాను. "ఇది షెడ్డుని మోయడానికి కాదండీ, ఎగిరిపోకుండా పట్టుకోవడానికి" అన్నారు. పట్టికలో చూపించారు కూడా. కిందికి నొక్కే అంకెల పక్కనే పైకి లాగే అంకెలు ఉన్నాయి. గాలి కప్పు మీదుగా పోతూ పైకి లాగుతుంది, తెరిచి ఉన్న తలుపులోంచి దూరిన గాలి లోపలి నుంచి నెడుతుంది. షెడ్డుకి సొంత బరువు తక్కువ కాబట్టి ఆ తేడా అంతా కాంక్రీటు బరువే భరించాలి. ఆ తర్వాత గుంతల గురించి బేరం ఆడలేదు.

సెప్టెంబర్‌లో తవ్వకం. నాలుగు మూలలకీ దారం కట్టి, ఐమూలగా కొలిచాం. 40కి 60 అయితే ఐమూల 72 అడుగుల మీద అంగుళం పైచిలుకు రావాలి, రెండు ఐమూలలూ ఒకటే రావాలి. మేస్త్రీ మూలమట్టం పెట్టి బాగానే ఉందన్నారు గానీ, అంత దూరంలో మూలమట్టం ఏం చెబుతుంది? టేపు పట్టుకుని రెండు వైపులా కొలిచే దాకా నేను ఊరుకోలేదు.

యాంకర్ బోల్టులే అసలు టెన్షన్. కాంక్రీటులో పాతి పైకి కొంచెం వదిలే ఈ బోల్టుల మీదే స్తంభం అడుగు పలక కూర్చుంటుంది. పలకకి రంధ్రాలు ఫ్యాక్టరీలోనే పడి వస్తాయి. ఒక గుత్తిలో బోల్టులు మూడు మిల్లీమీటర్లు జరిగినా కష్టమే. మేస్త్రీ చెక్క ముక్కతో పట్టించి పోసేద్దామన్నారు. నేను అడుగు పలక రంధ్రాల కొలతతో పలచటి స్టీల్ టెంప్లేట్లు కోయించి తెచ్చాను. షెడ్డు మొత్తం ఖర్చులో వాటిది లెక్కలోకి రాని ఖర్చు. మరలకి గ్రీజు రాసి టేపు చుట్టాం. కాంక్రీటు పోసి వైబ్రేటర్ పెట్టినప్పుడు ఒక మూల టెంప్లేటు కదిలింది. తడిగా ఉండగానే మళ్లీ కొలవడం వల్ల కనిపించింది. అరగంట అందరం దాని మీదే పడి సరిచేశాం. అదే మర్నాడు చూసి ఉంటే పగలగొట్టడమే. బోల్టుని సుత్తితో వంచి సరిపెట్టేవాళ్లు ఉన్నారట, అది వినడానికే భయంగా ఉంది.

ఫ్లోరు కింద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద కాంక్రీటు పోశాం. నేల తేమ పైకి రాకుండా. తర్వాత రోజూ నీళ్లు పెట్టడం. కాంక్రీటు పూర్తి బలాన్ని 28 రోజులకి లెక్కిస్తారు. నాకు ఆ తొందర అక్కర్లేకుండా పోయింది, ఎందుకంటే సరుకు రాలేదు.

అక్టోబర్ మధ్యలో రావాల్సింది. ఫోన్ చేస్తే "పెయింటింగ్‌లో ఉంది సార్" అన్నారు. వారం తర్వాతా పెయింటింగ్‌లోనే ఉంది. క్రేన్ మాట్లాడి పెట్టుకున్నాను, నిలబెట్టే టీమ్ ఇంకో పనికి వెళ్లిపోతామంటోంది. ఇంతలో మిగతా డబ్బంతా కడితేనే లారీ కదులుతుందని మెసేజ్. కంటితో చూడని సరుకుకి మొత్తం డబ్బు కట్టేటప్పుడు చెయ్యి వణుకుతుంది, ఎంత ధైర్యం ఉన్నా. ప్యాకింగ్ లిస్టు, కట్టల ఫోటోలు పంపితేనే కడతానన్నాను. పంపారు. కట్టాను. లారీ నవంబర్ మొదటి వారంలో వచ్చింది.

దించుకోవడానికి డ్రైవర్ ఇచ్చేది కొద్ది గంటలే, అది దాటితే నిలిపినందుకు గంటకి ఇంత అని అదనం. క్రేన్ ముందే వచ్చి ఉండాలి. 20 అడుగులు దాటిన రేకుల కట్టని మధ్యలో ఒకే తాడుతో లేపితే వంగిపోతుంది, అడ్డంగా ఒక దూలం పెట్టి రెండు మూడు చోట్ల పట్టీలు వేసి లేపాలి. నేను, తమ్ముడు ప్యాకింగ్ లిస్టు పట్టుకుని ప్రతి ముక్క మీద నంబరు చూస్తూ టిక్కు పెట్టాం. కొప్పు మీద వేసే రిడ్జ్ రేకుల్లో ఒకటి నలిగి ఉంది, ఒక స్క్రూల పెట్టె లేదు. డ్రైవర్ తొందరపెడుతున్నా ఆ రెండూ రసీదు మీద రాసి, ఫోటో తీసి, అప్పుడు సంతకం పెట్టాను. కంపెనీ మారు మాట్లాడకుండా పంపింది. రసీదులో లేకపోతే పంపేదా అన్నది నా అనుమానం.

రేకుల కట్టల్ని నేల మీద పెట్టకూడదు. చెక్కల మీద, ఒక వైపు కాస్త ఎత్తుగా, నీళ్లు జారిపోయేలా పెట్టాలి. రేకుకి రేకుకి మధ్య తడి చేరి గాలి ఆడకపోతే జింకు పూత మీద తెల్లటి బూజులాంటి తుప్పు పడుతుంది. పట్టా కూడా బిగించి కప్పకూడదు, వదులుగా వేసి పక్కల గాలి ఆడనివ్వాలి. మూడో రోజే వాన పడింది కాబట్టి ఇది పుస్తకాల సలహా కాదు.

నిలబెట్టడం మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. రెండు స్తంభాలు, వాటిని పైన కలిపే రాఫ్టర్ కలిస్తే ఒక ఫ్రేము. అలాంటివి నాలుగు, మధ్య దూరం ఇరవయ్యేసి అడుగులు. ఊగకుండా పట్టే ఐమూల కడ్డీలు ఉండే రెండు ఫ్రేములతో మొదలుపెడతారు, ఆ గది ముందు గట్టిపడితే మిగతావి దాన్ని పట్టుకుని నిలబడతాయి. స్తంభాలు లేచాయి, రాఫ్టర్ ముక్కల్ని నేల మీదే కలిపి పైకెత్తారు, తాళ్లతో నాలుగు వైపులా లాగి కట్టారు. నాకు ఉత్సాహం ఆగక స్పానర్ తీసుకుంటే టీమ్ లీడర్ ఆపారు. "ఇప్పుడే బిగించకండి సార్. అంతా ఆడుతూ ఉండాలి. తూకం గుండు కట్టి నిలువు చూశాక చివర్లో బిగిద్దాం." నిజమే, ఒక చోట బిగిస్తే ఇంకో చోట రంధ్రాలు కలవవు. కలవనిచోట కూడా సూదిమొన కడ్డీ దూర్చి నెమ్మదిగా రప్పించారు గానీ రంధ్రం పెద్దది చేయలేదు. పర్లిన్లకు కూడా ఒక దిక్కు ఉంటుంది, జెడ్ ఆకారంలో ఉండే వాటి పై అంచు కొప్పు వైపు తిరిగి ఉండాలి. వారం తిరక్కుండానే మొత్తం అస్థిపంజరం నిలబడింది. దారిన పోయేవాళ్లు ఆగి, అయిపోయినట్టేనా అని అడిగేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

తర్వాతి రోజులన్నీ బిగింపే. తూకం గుండు వేలాడదీసి స్తంభం నిలువు చూడటం, ఐమూల కడ్డీలని బిగించే మర, టర్న్‌బకిల్, తిప్పి లాగటం, మళ్లీ చూడటం. ప్రధాన ఫ్రేముల బోల్టులు 8.8 గ్రేడువి, పర్లిన్లవి మామూలువి. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నా తలకాయ మీద అంకె ఉంటుంది, కలిసిపోకుండా పెట్టెలు వేరు చేసుకోవాలి. బిగించిన ప్రతి బోల్టు మీదా పెయింటుతో గీత పెట్టించాను. వందల బోల్టుల్లో ఏది అయిందో ఏది కాలేదో గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు. చివర్లో అడుగు పలకల కింద వదిలిన అంగుళం ఖాళీలో కుంచించుకుపోని గ్రౌట్, అంటే జారుగా ఉండే సిమెంటు మిశ్రమం, నింపారు.

రేకులు వేయడం నా అంచనా కంటే రెట్టింపు కాలం తీసుకుంది, కారణం గాలి. ఇరవై అడుగుల రేకుని నలుగురు పట్టుకుని పైకెక్కించేటప్పుడు ఒక్క విసురు వచ్చిందంటే అది తెరచాపే. కొన్ని రోజులు పొద్దున్న రెండు గంటల పని, తర్వాత అందరూ కిందే. కూలి మాత్రం పూర్తిగానే. గాలి ఎక్కువగా వచ్చే దిక్కుకి ఎదురు చివర నుంచి మొదలుపెడతారు, రేకు మీద రేకు ఎక్కే అంచు గాలికి ఎదురుగా ఉండకూడదని. మొదటి రేకు సూటిగా లేకపోతే చివరికి వచ్చేసరికి చూరు అంచు రంపపు పళ్లలా తయారవుతుంది. అందుకే పర్లిన్ల మీద ముందే గుర్తులు పెట్టి, నాలుగైదు రేకులకోసారి కొలుస్తూ పోయారు.

స్క్రూల దగ్గర నేను బాగా చాదస్తం చూపించాను, దానికి క్షమాపణలేమీ లేవు. స్క్రూ కింద ఉండే రబ్బరు వాషరు కొద్దిగా నొక్కుకుని అంచుకి సమానంగా కనిపించాలి. ఎక్కువ బిగిస్తే రబ్బరు బయటికి ఉబ్బి కొన్నాళ్లకు పగులుతుంది, తక్కువైతే మొదటి వానకే కారుతుంది. కుర్రాళ్లు మెషిన్‌ని ఫుల్ స్పీడులో పెట్టి దబదబా కొట్టేస్తారు. అలాగే సాయంత్రం దిగేముందు కప్పు ఊడవాలి. డ్రిల్లు చేసినప్పుడు రాలే ఉక్కు పొడి రాత్రి మంచుకి తుప్పు పట్టి, కొత్త రేకు మీద ఎర్రటి చుక్కలు మిగులుస్తుంది. రేకుల్ని గ్రైండర్‌తో కోస్తే నిప్పురవ్వలు పూతని కాల్చేస్తాయి, కత్తెర లేదా రేకుని కొరికినట్టు కోసే నిబ్లర్ వాడాలి. వెలుతురు కోసం వేసిన పాలికార్బనేట్ రేకుల మీద కాలు పెట్టొద్దని పైన ఉన్న ప్రతి ఒక్కరికీ రోజూ చెప్పాలి, అది రేకులాగే కనిపిస్తుంది కాబట్టి. తోలు గ్లవ్స్ లేకుండా ఎవరినీ రేకు ముట్టనివ్వొద్దు. అంచులు కత్తులే.

డిసెంబర్ మధ్యకి కప్పు, గోడలు పూర్తయ్యాయి. షట్టర్లు వేరే చోట ఆర్డర్ ఇచ్చాను, అవి జనవరిలో గానీ రాలేదు. తలుపుల్లేని షెడ్డుకి గాలంటే భయం మరీ ఎక్కువ. పట్టాలు కట్టి, మెషిన్లు తేకుండా ఆగాను.

జనవరిలో ఒక ఉదయం లోపలికి వెళ్తే ఫ్లోరు మీద వరసగా తడి చుక్కలు. కప్పు కారుతోందని ప్రాణం ఉసూరుమంది. వాన పడి వారం దాటింది కదా, నీళ్లెక్కడివి? నిచ్చెన వేసుకుని చూస్తే రేకు అడుగునంతా చెమట. రాత్రి ఆకాశానికి రేకు తన వేడి వదిలేసి చల్లబడుతుంది, లోపలి గాలిలో తేమ దానికి పట్టుకుని నీళ్లవుతుంది. పైగా కొత్త కాంక్రీటు ఫ్లోరు నెలల తరబడి తేమ వదులుతూనే ఉంటుంది. డబ్బు సరిపోక ఇన్సులేషన్ వాయిదా వేసుకున్నాను, తర్వాతైనా వేయొచ్చని కంపెనీ కూడా అంది. వేయొచ్చు. కానీ రేకులు పరిచే ముందైతే పర్లిన్ల మీద దుప్పటి పరిచినట్టు పరిచి, పైన రేకు వేసేస్తే అయిపోతుంది. ఇప్పుడైతే కింద నుంచి, ఎత్తు మీద నిలబడి, పర్లిన్ల మధ్య ముక్కలుగా కట్టాలి. పదార్థం ఖర్చు దాదాపు అంతే, కూలి మాత్రం చాలా ఎక్కువ. డబ్బు తక్కువైతే ఇంకేదైనా తర్వాత చేయించుకోండి గానీ, కప్పుకి ఇది మాత్రం ముందే వేయించండి అంటాను.

జనవరి చివర్లో తనిఖీకి వచ్చిన అధికారి ఐమూల కడ్డీలు, యాంకర్ బోల్టుల నట్లు, ఎర్తింగ్ చూశారు, బోల్టుల మీద పెయింటు గీతలు చూసి ఒకటి రెండు చోట్ల స్పానర్ పెట్టి తిప్పించారు. కాగితం వచ్చింది. ఇప్పుడు మెషిన్లు లోపల ఉన్నాయి, పలకలు నేలకి ఆరంగుళాల పైన దుంగల మీద, వరసకీ వరసకీ మధ్య ఖాళీతో పేర్చాను. పగలంతా షట్టర్లు రెండు వైపులా తెరిచి ఉంచితే చెమట సగానికి తగ్గింది, కొప్పు మీద గాలి గొట్టాలు ఉండటం కూడా కలిసొచ్చింది. ఇన్సులేషన్ వాళ్లు ఏప్రిల్‌లో వస్తామన్నారు. అప్పుడే నిచ్చెనలు ఎలాగూ ఉంటాయి కాబట్టి కప్పు మీద స్క్రూలన్నీ ఒకసారి చూడమని, పాలికార్బనేట్ రేకు అంచున సీలెంట్ మళ్లీ పెట్టమని కూడా కొటేషన్‌లోనే రాయించాను.